ఎడమవైపు తొమ్మిది కిలోమీటర్లు

రణమల్ ఆహిర్ కొట్టు దగ్గర ఆగిన ఏ లారీవాడూ ఆగీ ఆగగానే టీ తాగి ఎరగడు. ముందు కుండలో నీళ్లు తాగాలి, ఆ తర్వాతే టీ. తొందరలో ఉన్నానంటే వినడు. "దాహంగా ఉన్నోడికి టీ అమ్మడం దొంగతనంరా నాయనా, ముందు ఇవి తాగు" అని సత్తు గ్లాసు చేతిలో కుక్కేవాడు. మనిషి పొట్టి, నోరు పెద్దది. తెల్ల చొక్కా, తెల్ల పంచె, నెత్తిన తెల్ల తలపాగా. అవి తెల్లగా ఉండగా చూసినవాళ్లు మాత్రం మా వైపు తక్కువే.

కచ్‌లో హైవే మీద, నాలుగు దార్లు కలిసే చోట, సర్కారు తుమ్మల మధ్య ఉండేది ఆ కొట్టు. అసలు అది కొట్టు కాదు, చలివేంద్రం. తారురోడ్డు లేని రోజుల్లో ఒంటెల మీద తిరిగే బేరగాళ్ల కోసం రణమల్ తాత అక్కడ రెండు కుండలు పెట్టాడు. టీ పొయ్యి రణమల్ హయాంలో వచ్చింది. తాత పోతూ పోతూ రెండు కట్టుబాట్లు వదిలిపోయాడు. కుండలో నీళ్లు దారిన పోయేవాళ్లు ముందు తాగాలి, ఇంటివాళ్లు ఆఖర్న తాగాలి. ఇది ఒకటి. దారి అడిగినవాణ్ణి తన ఊరికి మళ్లించకూడదు. ఇది రెండోది. మళ్లిస్తే పోసిన నీళ్లకి కూలి తీసుకున్నట్టే అనేవాడట ముసలాయన.

ఈ రెండోదంటే మా జోఖర్ ఊరివాళ్లకి మొదట్నుంచీ కంటగింపే. జోఖర్ ఆ కూడలికి ఎడమవైపు తొమ్మిది కిలోమీటర్లు. మా ఊరి నెయ్యికి పేరుంది. కానీ భుజ్ నుంచి వచ్చిన బేరగాడు "నెయ్యెక్కడ బాగుంటుంది కాకా?" అని అడిగితే రణమల్ కుడిచెయ్యి ఎత్తి లూణీవాంఢ్ దారి చూపించేవాడు. పక్కింటి వాల్జీ ఆయన్ని ఊరికే వదిలేవాడు కాదు.

"నీ ఎడమచెయ్యి పుట్టుకతోనే పడిపోయిందా రణమల్ భాయ్?"

"ఆ చెయ్యి టీ కలపడానికి. దాన్ని కదపకు."

అందరూ నవ్వేవాళ్లు. నెయ్యి రోజుల్లో అది నవ్వులాటే.

రెండువేల ఒకటి జనవరి ఇరవయ్యారు పొద్దున, ఎనిమిదిన్నర దాటాక, పొయ్యి మీద పాలగిన్నె దానంతటదే నడవడం మొదలెట్టింది. ఎక్కడో వంద లారీలు ఒక్కసారే వస్తున్నట్టు చప్పుడు. రణమల్ రోడ్డుకేసి చూసి, అయ్య బాబోయ్, ఇంతమందికి పాలు చాలతాయా అనుకున్నాడు. ఆ సంగతి తర్వాత ఆయనే చెప్పి ఆయనే తిట్టుకునేవాడు. రేకుల కొట్టు ఊగి ఊగి నిలబడింది. రెండు కుండల్లో ఒకటి పగిలింది. తలెత్తి చూస్తే ఎడమవైపు, జోఖర్ ఉండాల్సిన చోట, మట్టి రంగు మేఘం లేస్తోంది.

ఊళ్లో నూటనలభై గడపలు. మేకల్ని కట్టేసుకునే గుండ్రటి మట్టి గుడిసెలు తప్ప ఏవీ మిగల్లేదు. రాయి మీద రాయి పేర్చి గొప్పగా కట్టుకున్న ఇళ్లన్నీ పడ్డాయి. రణమల్ కొడుకు అర్జణ్ గోడ కింద పోయాడు. ఇరవయ్యారేళ్లు. రణమల్ పెళ్లాం రూడీ ఆ టైముకి పెరట్లో ఉంది, కోడలు మోంఘీ పిడకల కోసం ఊరి బయటికి వెళ్లింది, అందుకని మిగిలారు. మోంఘీకి తొమ్మిదో నెల. మర్నాడు మధ్యాహ్నానికి చేతులతోనే రాళ్లు తీసి అర్జణ్‌ని బయటికి లాగారు. ముప్ఫై ఏడుగురిని ఒకే చోట కాల్చారు. కట్టెలు ఎక్కణ్ణుంచి వస్తాయి? పడిపోయిన ఇళ్ల దూలాలూ, తలుపులే కట్టెలు.

మూడోరోజు పొద్దున రణమల్ తలపాగా చుట్టుకుని రోడ్డెక్కాడు. రూడీ అడ్డం వచ్చింది.

"కొడుకు బూడిద చల్లారలేదు. కొట్టుకెళ్తున్నావా?"

"కొట్టుకి కాదు. కుండలో నీళ్లుండవు."

"ఆ ఉన్న కుండ కూడా పగిలి చావకపోయింది!"

ఆయన తొమ్మిది కిలోమీటర్లు నడిచి వెళ్లి కుండ నింపాడు. అప్పటికే రోడ్డు నిండా లారీలు.

అబ్బబ్బ, ఏం లారీలు! దేశం దేశమంతా కదిలి మా మీద పడింది. కాదనకూడదు, చేసినవాళ్లు కడుపునిండా చేశారు. పంజాబు నుంచి వచ్చిన సర్దార్లు దిగీ దిగగానే పొయ్యిలు తవ్వి పప్పూ రొట్టెలూ చేసిపెట్టారు. ఎవరి దేశం వాళ్లో తెలీదుగానీ తెల్లవాళ్లు కుక్కల్ని తీసుకొచ్చి రాళ్ల మీద పాకి పాకి మనుషుల్ని వెతికారు. ఇక కొందరున్నారు. సాయం కన్నా బ్యానరు పెద్దది. బియ్యం బస్తా ఇచ్చేముందు దాని పక్కన నిలబెట్టి ఫోటో తీస్తారు, ఫోటో బాగా రాలేదని బస్తా వెనక్కి తీసుకుని మళ్లీ ఇస్తారు. పాతబట్టలైతే చెప్పక్కర్లేదు. పోయే లారీలోంచి మూటలు విసిరేసి పోయేవాళ్లు. రోడ్డు పొడుగునా గుట్టలు. ఘాఘ్రా పావడాలు తప్ప ఎరగని మా ఆడవాళ్లకి ఫ్యాంట్లు. ఎవరో పుణ్యాత్ములు ఈతకొట్టే చెడ్డీలు పంపారు. మా కచ్‌లో, మూడేళ్లుగా వాన మొహం చూడని చోట! ఆ గుట్టల మీద మేకలు హాయిగా పడుకునేవి.

ఒకరోజు కారులోంచి ఒకామె దిగి, రణమల్‌ని చూడగానే భోరుమంది. టీవీలో చూసి ఉండబట్టలేక వచ్చిందట. "మీకెవరైనా పోయారా బాబాజీ?" అని అడిగింది.

"అందరికీ పోయారమ్మా. నువ్వు ముందు నీళ్లు తాగు."

ఆమెని ఓదార్చి, కళ్లు తుడిపించి, టీ ఇచ్చి పంపేసరికి అరపూట పట్టింది.

ఇలా ఎవరొచ్చినా ఆగేది ఆ కూడలిలోనే. ఊళ్ల పేర్లు రాసిన బోర్డులు విరిగిపోయాయి. దారి తెలిసినవాడు రణమల్ ఒక్కడే. "కాకా, ఎవరికీ ఏమీ అందని ఊరేది?" అని అడిగేవాళ్లు. ఆయన కుడివైపు చూపించేవాడు. లూణీవాంఢ్, దాని అవతల వేఢ్, ఇంకా అవతలి గూడేలు. లేదంటే నేరుగా. ఎడమవైపు మాత్రం చూపించడు. డేరాలు ఆయన కళ్లముందే ఎన్ని లారీల్లో వెళ్లాయో ఆ దేవుడికే తెలియాలి.

జోఖర్‌కి మిలిటరీ జీపొకటి వచ్చి సజ్జలూ నూనే ఇచ్చి పోయింది. రాళ్లకింద తవ్వుకుంటే ఇంకో నాలుగు బస్తాలు దొరికాయి. తిండికి లోటు లేదు. లేనిది పైకప్పు. నాలుగు కర్రలు పాతి, వాటి మీద బొంతలు కప్పి, వాటికింద ఊరంతా కాపురం పెట్టింది. మేకల గుడిసెల్లో కాలు పెట్టే చోటు లేకుండా గాయాలైనవాళ్లని పడుకోబెట్టారు.

ఆరోరోజు వాల్జీ కొట్టు దగ్గరికొచ్చాడు. ఈసారి నవ్వులాట లేదు.

"నెయ్యి సంగతి వేరు రణమల్ భాయ్. జనం ఏమంటున్నారో తెలుసా? రణమల్ ఒక్కో లారీ దగ్గరా ఏదో పుచ్చుకుని దారి చూపిస్తున్నాడంటున్నారు."

"నువ్వేమన్నావ్?"

"నేనా? పుచ్చుకుని ఉంటే బాగుండేది, కనీసం వాడి ఇంటికైనా ఒక డేరా వచ్చేది అన్నాను."

రణమల్ సాసర్లో టీ పోసి ఇచ్చాడు. వాల్జీ నీళ్లు తాగలేదు, టీ తాగలేదు, వెళ్లిపోయాడు. ఆ కొట్టు పెట్టాక అలా వెళ్లిన మొదటి మనిషి వాడే. రణమల్‌కి తల కొట్టేసినట్టయింది.

ఎనిమిదోరోజు తెల్లవారేసరికి ఉత్తరపు గాలి మొదలైంది. రణ్ ఉప్పు బీడు మీద నుంచి వచ్చే గాలి అది, ఎముకలు కొరికేస్తుంది. బొంతలు ఎగిరిపోకుండా మనుషులు అంచుల మీద కూర్చోవాల్సి వచ్చింది. మోంఘీకి సన్నగా నొప్పులు. మంత్రసాని హీరబాయి చెయ్యి పెట్టి చూసి బయటికొచ్చింది.

"ఇవాళ కాకపోతే రేపు. తల్లికేం భయం లేదు. కానీ ఈ గాలిలో, ఈ బొంతల కింద పుడితే బిడ్డ నిలవదు రణమల్ భాయ్. మొన్న వేఢ్‌లో ఒకటి పుట్టింది, పొద్దెక్కకముందే కట్టె అయిపోయింది. ఏదైనా అడ్డం చూడు."

రూడీ వింది. ఎనిమిది రోజులుగా ఏడవని మనిషి, అప్పుడు కూడా ఏడవలేదు. మొగుడి మీద పడింది.

"నీ చేత్తో ఎన్ని డేరాలు పంచావయ్యా ఇప్పటికి?"

"నేను పంచలేదు. దారి చూపించాను."

"ఒక్కసారి ఇటు చూపిస్తే పైనుంచి మీ తాత కింద పడతాడా? కొడుకెలాగూ పోయాడు. వాడు వదిలిపెట్టి పోయింది ఈ ఒక్క నలుసు. దీన్ని కూడా నీ కుండలో ముంచెయ్, పీడా పోతుంది!"

రణమల్ తలపాగా చుట్టుకుని వెళ్లిపోయాడు.

మధ్యాహ్నం నీలం రంగు లారీ ఒకటి ఆగింది. తమిళ దేశం బండి. డ్రైవరు పొన్నుసామి, నల్లటి బక్క మనిషి, నెత్తిన మఫ్లరు చుట్టుకుని వణుకుతున్నాడు. వాళ్ల ఊరు సముద్రం ఒడ్డునట. ఊళ్లో బెస్తవాళ్లంతా తలా ఇంత వేసుకుని ముప్ఫై డేరాలు కొని పంపారట. వచ్చీరాని హిందీలో అడిగాడు.

"ఏ ఊరికి పోవాలి కాకా? ఎవరూ పోని ఊరు చెప్పు."

రణమల్ నీళ్లిచ్చాడు. టీ ఇచ్చాడు. గిన్నె తోమాడు. తోమిన గిన్నే మళ్లీ తోమాడు.

"కాకా, అడుగుతుంటే?"

రణమల్ ఎడమచెయ్యి ఎత్తాడు. "అటు. తొమ్మిది కిలోమీటర్లు. జోఖర్. డేరాలతో ఎవరూ వెళ్లలేదు."

తన ఊరని చెప్పలేదు. లారీ మట్టిదారిలోకి తిరిగి దుమ్ములో కలిసిపోయేదాకా ఆ చెయ్యి దించడం మర్చిపోయాడు. తర్వాత కుండ దగ్గరికెళ్లి దానికి వీపు పెట్టి కూర్చున్నాడు. సిగ్గేసింది. మనసులో సంతోషంగా ఉంది, ఆ సంతోషానికి ఇంకా సిగ్గేసింది. ఆ పూట వచ్చిన వాళ్లకి ఒకడికి చక్కెర లేని టీ, ఇంకొకడికి చక్కెర తప్ప ఇంకేం లేని టీ ఇచ్చాడు.

పొద్దు వాలే వేళకి నీలం లారీ తిరిగొచ్చింది. ఖాళీగా గలగలలాడుతోంది. పొన్నుసామి మొహం వెలిగిపోతోంది.

"కాకా! ఎలాంటి ఊరికి పంపావయ్యా! నేనింతవరకూ అలాంటి మనుషుల్ని చూళ్లేదు."

"ఏం, తీసుకున్నారా?"

"తీసుకోవడమా? ఒక్కటి ముట్టుకుంటే ఒట్టు! ఊరి మొదట్లోనే ఒక పెద్దావిడ ఎదురొచ్చింది. గడ్డం మీద పచ్చబొట్టు. ఏం కావాలమ్మా అని అడిగాను. మాకేం పర్లేదు నాయనా, లూణీవాంఢ్‌లో ఎక్కువమంది పోయారు, అక్కడికి పో అంది. వట్టి చేతుల్తో పంపిందనుకున్నావా? రాళ్ల మధ్య పొయ్యి పెట్టి టీ కాచింది. ఒక్కటే సాసరుంది, అంచు విరిగిన నీలం గీతల సాసరు. దాంట్లోనే నేనూ, మా రెండో డ్రైవరూ వంతులేసుకుని తాగాం. ఆవిడ వెనకాల బొంతకింద ఎవరో ఆడపిల్ల మూలుగుతోంది. ఒంట్లో బాలేదా అంటే, ఏం లేదు, నిద్రపోతోంది అంది. దండం పెట్టి, డేరాలన్నీ లూణీవాంఢ్‌లో దింపేసొచ్చాం."

అంచు విరిగిన నీలం గీతల సాసరు రణమల్ పెళ్లినాటిది. ఆ ఇంట్లో రాళ్లకింద ముక్కలు కాకుండా దొరికిన పింగాణీ అదొక్కటే.

రణమల్ పొయ్యి ముందు కూర్చుండిపోయాడు. పొన్నుసామి నవ్వుతూ ఏదో చెబుతూనే ఉన్నాడు. రణమల్ లేచి నీళ్లిచ్చాడు. ఇంకో గ్లాసు ఇచ్చాడు. మూడోది ముంచబోయి ఆగాడు.

"బాబూ."

"ఏంటి కాకా?"

"ఆ బొంతకింద ఉన్నది నా కోడలు. ఆ టీ ఇచ్చింది నా పెళ్లాం." ముంచబోయిన గ్లాసు కుండ మీద పెట్టాడు. "నా కొడుకు పోయాడు. ఆ పిల్లకి నొప్పులొస్తున్నాయి. నాకొక డేరా కావాలి. ఒక్కటి చాలు. ఇవ్వు బాబూ."

అరవై రెండేళ్లలో ఆయన ఎవరినీ ఏదీ అడిగి ఎరగడు. చెయ్యి చాపడం రాలేదు, రెండు చేతులూ పంచెలో తుడుచుకుంటూ నిలబడ్డాడు.

పొన్నుసామి నవ్వు ఆగిపోయింది. "అన్నీ అయిపోయాయి కాకా. ఒక్కటీ మిగల్లేదు. ముందే ఎందుకు చెప్పలేదయ్యా? ఆవిడైనా ఎందుకు చెప్పలేదు?"



పొన్నుసామి కాసేపు లారీ చుట్టూ తిరిగాడు. తర్వాత టైరు మీద కాలుపెట్టి పైకెక్కి, లారీ మీద కప్పే టార్పాలిన్ తాళ్లు విప్పడం మొదలెట్టాడు. రెండో డ్రైవరు లబలబలాడాడు.

"ఒరేయ్, అది ఓనరుదిరా! వెళ్లేప్పుడు మనకి ఉప్పు లోడుంది. దార్లో వానొస్తే ఎవడు సమాధానం చెప్తాడు?"

"ఇక్కడ వానెక్కడిదిరా! నోర్ముయ్, ఆ కొస పట్టుకో."

టార్పాలిన్‌తో పాటు రణమల్‌ని కూడా ఎక్కించుకుని ఎడమవైపు తిప్పాడు. ఊరి మొదట్లో మళ్లీ రూడీయే ఎదురొచ్చింది. లారీలోంచి మొగుడు దిగడం చూసి నిలబడిపోయింది.

"నువ్వు పంపావా ఈ లారీని?"

"నువ్వు తిప్పి పంపావా?"

"ఏం చెయ్యను!" రూడీ తల బాదుకుంది. "గుమ్మంలోకి వచ్చి ఏం కావాలమ్మా అంటాడు. వచ్చినవాణ్ణి మనం అడగాలి కదా ఆ మాట! డేరా అందామనే నోరు తెరిచాను. టీ తాగు నాయనా అని వచ్చింది. పొద్దున నిన్ను తిట్టిన నోరే ఇది. నా నోరే నాది కాకుండా పోయింది." అప్పుడు ఏడ్చింది, ఎనిమిది రోజులదీ కలిపి. రణమల్ కూడా ఏడ్చాడు. పొన్నుసామికి వాళ్ల భాష అర్థం కాక, దూలాలు ఏరుకొచ్చి గుంజలు పాతడంలో పడ్డాడు. వాల్జీ వచ్చి టార్పాలిన్ రెండో కొస పట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున ఆ టార్పాలిన్ కింద ఆడపిల్ల పుట్టింది. గాలి అలాగే కొడుతోంది. టార్పాలిన్ దబదబా కొట్టుకుంటోంది గానీ లోపల దీపం ఆరలేదు. హీరబాయి బిడ్డని గుడ్డలో చుట్టి ఇచ్చి, "నిలిచింది" అంది. పిల్లకి రతన్ అని పేరు పెట్టుకున్నారు.

రణమల్ కొట్టుకి మళ్లీ వెళ్లాడు గానీ కుండ ముట్టుకోలేదు. నీళ్లు పోసే చెయ్యి అడిగింది కాబట్టి ఇక తాను పోయకూడదట. రూడీకి ఒళ్లు మండిపోయింది. "సరే, నేను పోస్తా. నేనెవర్నీ ఏమీ అడగలేదుగా, అడగమని నిన్నే పంపాను" అని తనే వచ్చి కుండ నింపేది. దాని పక్కన రెండోది కూడా కొనిపెట్టింది. గవర్నమెంటు ఇళ్లు వచ్చాయి, జోఖర్‌లో జనం లోపల పడుకోవడం మళ్లీ అలవాటు చేసుకున్నారు. టార్పాలిన్ మాత్రం మడతపెట్టి కొట్టు బల్లకింద ఉంది. దాని మీద గుండ్రటి అక్షరాలు ఏవో తెల్లరంగుతో రాసున్నాయి. తమిళ దేశం లారీ కనపడితే చాలు, రణమల్ రోడ్డుకడ్డం నిలబడి "పొన్నుసామి తెలుసా?" అని అడిగేవాడు. పదిమంది పొన్నుసాములు తెలిసినవాళ్లు తగిలారు గానీ ఆ పొన్నుసామి తెలిసినవాడు దొరకలేదు. టార్పాలిన్ చూపిస్తే, ఉన్నది ఓనరు పేరే, ఊరు లేదనేవాళ్లు. ఊరి పేరు ఆ రోజు అడగలేదే అని రణమల్ తనని తాను తిట్టుకోని రోజు లేదు. సముద్రం మా గుమ్మం ముందే అన్నాడు, అంతే తెలుసు.

నాలుగేళ్లు తిరగబోతుండగా డిసెంబరు చివర్లో టీవీలో చూపించారు. ఆ సముద్రమే ఊళ్ల మీదికి నడిచొచ్చింది. ఒడ్డున పడవలు ఇళ్ల మీద, మనుషులు చెట్ల మీద. రణమల్ చూసి, కొట్టుకి వెళ్లి, బల్లకింది టార్పాలిన్ లాగి, దుమ్ము దులిపి ఎండలో ఆరేశాడు. రతన్ దాని మీద గెంతుతుంటే కసిరాడు.

మా తాలూకా నుంచి లారీలు బయల్దేరాయి. కచ్‌లో ఎవరినీ అడగాల్సిన పని లేకపోయింది. డేరాలూ దుప్పట్లూ జనమే మోసుకొచ్చి పడేశారు. పాతబట్టలు ఒక్కటి కూడా రానివ్వలేదు, ఆ సంగతి మాకు తెలుసు. జోఖర్ లారీతో వాల్జీ వెళ్తున్నాడు. కూడలిలో ఆగి, ముందు కుండలో నీళ్లు తాగాడు. రణమల్ టార్పాలిన్ తెచ్చి లారీలో పెట్టాడు.

వాల్జీ ఆ గుండ్రటి అక్షరాలు తిప్పి తిప్పి చూశాడు. "దీన్ని ఎవరికివ్వను రణమల్ భాయ్? అంత పొడుగు తీరంలో నీ పొన్నుసామిని నేనెక్కడ వెతికేది? అసలు ఆ ఊరుందో లేదో."

"అక్కడ ఆ ఓనరు పేరు తెలిసినవాళ్లుంటారు. చూపించు."

"దొరక్కపోతే? ఇన్ని డేరాలున్నాయి, ఏ ఊళ్లో దింపాలి?"

రణమల్ సాసర్లో టీ పోసి వాడి చేతికిచ్చాడు. అంచు విరిగిన సాసరే.

"ప్రతి ఊళ్లోనూ ఆపి అడుగు. ఎక్కడ ముసలావిడ ఎవరైనా ఎదురొచ్చి, మాకేం పర్లేదు నాయనా, పక్కూరికి పో అని టీ ఇస్తుందో, అక్కడ దింపెయ్. వద్దన్నా వినకు."